అడవి జిన్సెంగ్ తవ్వడం, అమ్మడం: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

అమెరికాలో ఇల్లు కొనుక్కుంటే వెనకాల రెండు మూడెకరాల అడవి కూడా కలిసొచ్చిన మనవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే చాలు, "పౌండు వందల డాలర్లట కదా, మా వెనకాల జిన్సెంగ్ ఉన్నట్టుంది, తవ్వేయనా?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. జిన్సెంగ్ అంటే చైనావాళ్లు మందుగా వాడే వేరున్న మొక్క. అందరికీ విడివిడిగా అదే జవాబు టైప్ చేసి చేసి విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. నేను లాయర్ని కాదు. రాష్ట్రం మారితే రూలు మారుతుంది కాబట్టి పలుగు పట్టుకునే ముందు మీ రాష్ట్ర శాఖ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది రూల్స్ ఒకసారి చూసుకోండి.

## అసలు మొక్క గురించి

ఇది చైనా వాళ్లు వాడే జిన్సెంగేనా, వేరేదా?

అదే కుటుంబం, వేరే జాతి. చైనా, కొరియా వైపు పెరిగేది పానాక్స్ జిన్సెంగ్. ఇక్కడి తూర్పు అమెరికా అడవుల్లో, ముఖ్యంగా అపలాచియన్ కొండల్లో పెరిగేది పానాక్స్ క్విన్క్వెఫోలియస్. కొన్నది మాత్రం మొదట్నుంచీ చైనావాళ్లే. 1716లో మాంట్రియల్ దగ్గర లాఫితో అనే ఫ్రెంచి పాదరీ దీన్ని గుర్తుపట్టాక వ్యాపారం ఊపందుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1784లో, అమెరికా నుంచి చైనాకి బయల్దేరిన మొట్టమొదటి వర్తక నౌకలో ప్రధాన సరుకు ఇదే, దాదాపు 30 టన్నులు. ఇప్పటికీ ఎక్కువ భాగం వెళ్లేది హాంకాంగ్‌కే. ఇక్కడి పల్లెల్లో దీన్ని ముద్దుగా "సాంగ్" అంటారు, తవ్వడానికి వెళ్లడాన్ని "సాంగింగ్" అంటారు. ఆ మాట వాడితే డీలర్ మిమ్మల్ని కాస్త తెలిసినవాడిలా చూస్తాడు.

అడవిలో దానంతటదే మొలిచే మొక్కకి ఇన్ని రూల్స్ ఎందుకండీ?

ఉసిరికాయ కోసినా చెట్టు ఉంటుంది, తేనె తీసినా తుట్టె మళ్లీ కడుతుంది. జిన్సెంగ్‌లో అమ్ముడుపోయేది వేరు. వేరు తీశామంటే ఆ మొక్క కథ అక్కడితో అయిపోయింది. పోనీ త్వరగా మళ్లీ వస్తుందా అంటే, గింజ నేలలో పడ్డాక మొలవడానికే 18 నుంచి 22 నెలలు పడుతుంది. మొలిచాక మొదటి ఏడాది మూడంటే మూడు చిన్న ఆకులు, పండ్లు బాగా కాయాలంటే ఇంకొన్నేళ్లు. పైగా జింకలు ఆకులు, కాయలు మేసేస్తాయి. ఇంత నిదానంగా పెరిగేదానికి పౌండు వందల డాలర్ల రేటు ఉంటే ఏమవుతుందో, శేషాచలం కొండల్లో ఎర్రచందనం సంగతి చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 

అంతర్జాతీయ వర్తక ఒప్పందం సైటీస్ రెండో జాబితాలో జిన్సెంగ్‌ని 1975లోనే చేర్చారు. మన ఎర్రచందనం ఉన్నదీ ఆ జాబితాలోనే. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన వ్యాపారం నిషేధం కాదు. ఎగుమతి వల్ల అడవిలో ఆ జాతికి ముప్పు లేదని ప్రభుత్వం ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే పర్మిట్ ఇవ్వాలి. అమెరికాలో ఆ తేల్చే పని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే కేంద్ర సంస్థది. తవ్వకం, డీలర్లు, తూకాలు రాష్ట్రాల పని. రెండు చోట్లా లెక్క కుదిరితేనే వేరు దేశం దాటుతుంది.

మా వెనకాల ఉన్నది జిన్సెంగేనా? ఫోటో పంపితే చెప్తారా?

ఫోటో పంపకండి, వచ్చే వాటిలో చాలావరకు వర్జీనియా క్రీపరే. అది పాకే తీగ, జిన్సెంగ్ నిటారుగా నిలబడే చిన్న మొక్క. ఒకే కాడ, దాని చివర ఒకే చోట నుంచి విచ్చుకున్న రెమ్మలు, ఒక్కో రెమ్మకి సాధారణంగా అయిదు ఆకులు, అరచేయి తెరిచినట్టు. వాటిలో కింది రెండు చిన్నవి. రెమ్మలు కలిసే చోట మధ్యలోంచి లేచిన సన్నటి కాడకి శరదృతువులో ఎర్రటి పండ్ల గుత్తి. వైల్డ్ సార్సపరిల్లా కూడా మోసం చేస్తుంది కానీ దాని పండ్ల కాడ విడిగా నేల నుంచే లేస్తుంది. మేపుల్, ట్యూలిప్ పాప్లర్ చెట్ల నీడలో, ఉత్తరం వైపో తూర్పు వైపో వాలుగా ఉన్న తేమ నేలలో వెతకండి. ఎండ పడే లాన్ అంచున ఉంటే అది జిన్సెంగ్ కాదని దాదాపు ఖాయం.

## తవ్వేముందు

ఏ రాష్ట్రాల్లో తవ్వి అమ్మొచ్చు?

అడవి జిన్సెంగ్ ఎగుమతికి కేంద్రం ఆమోదించిన రాష్ట్రాలు 19: అలబామా, అర్కాన్సా, జార్జియా, ఇల్లినాయ్, ఇండియానా, అయోవా, కెంటకీ, మేరీలాండ్, మిన్నెసోటా, మిసోరి, న్యూయార్క్, నార్త్ కరోలినా, ఒహాయో, పెన్సిల్వేనియా, టెనెసీ, వెర్మాంట్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, విస్కాన్సిన్. మీరు న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉంటే అడవి వేరు అమ్మే ఆలోచన మానుకోండి. కెనడాలో ఉన్న బంధువులు కూడా అడుగుతుంటారు, అక్కడ అడవి జిన్సెంగ్ ఎగుమతికి అనుమతే లేదు. ఒంటారియో నుంచి వచ్చేదంతా పొలంలో పండించినదే.

సీజన్ ఎప్పుడు? నా సొంత స్థలమైనా సీజన్ చూడాలా?

చాలా రాష్ట్రాల్లో సెప్టెంబర్ 1న మొదలవుతుంది. ముగింపు మాత్రం ఎవరిది వాళ్లదే: విస్కాన్సిన్‌లో నవంబర్ 1, వెస్ట్ వర్జీనియాలో నవంబర్ 30, కెంటకీలో డిసెంబర్ 1. సెప్టెంబరే ఎందుకంటే అప్పటికి పండ్లు ఎర్రబడి గింజ ముదురుతుంది. ఆగస్టులో తవ్వితే మొక్కా పోతుంది, పచ్చి గింజా వృథా. సొంత స్థలంలో తవ్వేవాళ్లకి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ విషయంలో సడలింపు ఉంటుంది. అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం సొంత స్థలమైనా సీజన్, మొక్క వయసు రెండూ చూసుకోవాల్సిందే, ఎందుకంటే కొనే డీలర్ ముందు అడిగేవి అవే.

పక్కింటాయన "తవ్వుకోండి, నాకేం అభ్యంతరం" అన్నాడు. చాలదా?

చాలదు. కాగితం మీద రాయించుకోండి. వెస్ట్ వర్జీనియా లాంటి చోట్ల స్థలం యజమాని రాసిచ్చిన అనుమతి తవ్వేటప్పుడు జేబులో ఉండాలి. రెండు లైన్లు చాలు: ఎవరు, ఎవరికి, ఏ స్థలంలో, ఏ సీజన్‌కి, కింద సంతకం. ఇది అవతలివాళ్ల మీద నమ్మకం లేక కాదు. ఈ కొండల్లో జిన్సెంగ్ దొంగతనాలు ఎక్కువ, సెప్టెంబర్‌లో చేతిలో సంచీతో అడవిలో కొత్త మొహం కనిపిస్తే ముందు దొంగనే అనుకుంటారు. అందులోనూ మన మొహాలు ఆ ఊళ్లకి కొత్తవే కదా.

స్మోకీ మౌంటెన్స్ ట్రిప్‌కి వెళ్లినప్పుడు ఒకటీ రెండూ తెచ్చుకుంటే ఎవరు చూస్తారు?

చూస్తారు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో జిన్సెంగ్ తవ్వడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. ఆరు నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా ఫైన్, ఒక్కోసారి రెండూ. అక్కడి సిబ్బంది మొక్కల వేళ్లకి ప్రత్యేకమైన రంగు పట్టించి గుర్తుపెడతారు, ఆ వేరు డీలర్ దగ్గరికి చేరినా ఎక్కడిదో తెలిసిపోతుంది. పట్టుబడిన వేళ్లని రేంజర్లు తిరిగి అడవిలో నాటుతారు కానీ అలా నాటినవన్నీ బతకవు. వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట: ఫెడరల్ నేరం అనేది ట్రాఫిక్ టికెట్ లాంటిది కాదు, ఇమిగ్రేషన్ ఫారాల్లో అరెస్టుల గురించి అడుగుతారు. అంత టెన్షన్ ఒక వేరు కోసం అవసరమా?

నేషనల్ ఫారెస్ట్ అంటే పార్కు కాదుగా, అక్కడైతే కుదురుతుందా?

రెండూ వేరే శాఖలు, వేరే రూల్స్, నిజమే. కొన్ని నేషనల్ ఫారెస్టుల్లో పర్మిట్ కొనుక్కుని పరిమితంగా తవ్వే పద్ధతి ఉంది. నార్త్ కరోలినాలోని పిస్గా, నంటహేలా అడవుల్లో లాటరీ పెట్టి పర్మిట్లు ఇచ్చేవాళ్లు, మొక్కలు మరీ తగ్గిపోయాయని 2021 నుంచి ఆపేశారు. అందుకని ఎవరో పాతికేళ్ల అనుభవమున్నాయన "మేం ఎప్పుడూ తవ్వుతూనే ఉన్నాం" అని చెప్పాడని వెళ్లిపోకండి, ఆ ఫారెస్ట్ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ ఏడాది సంగతి అడగండి. స్టేట్ పార్కులు, స్టేట్ ఫారెస్టులు చాలా రాష్ట్రాల్లో పూర్తిగా మూసినట్టే.

## తవ్వేటప్పుడు

మొక్క వయసు ఎలా లెక్కపెట్టాలి?

ఎగుమతికి పనికి రావాలంటే వేరుకి కనీసం 5 ఏళ్లు ఉండాలి. మధ్యలో 2005లో ఒకసారి దాన్ని 10 ఏళ్లకి పెంచి, మరుసటి ఏడాదే మళ్లీ 5కి తెచ్చారు. ఇల్లినాయ్ మాత్రం ఇప్పటికీ 10 ఏళ్లు అంటుంది, అక్కడ నాలుగు రెమ్మలు కావాలి, మిగతా చాలా రాష్ట్రాల్లో మూడు రెమ్మలు చాలు.

రెమ్మలు చూసి తవ్వడం కొత్తవాళ్లు చేసే పని. పాతవాళ్లు మెడ చూస్తారు. వేరుకీ కాడకీ మధ్య పొట్టిగా, ముడతలు ముడతలుగా ఉండే భాగమే మెడ. ఏటా చలికాలానికి కాడ ఎండి రాలిపోయి అక్కడ ఒక మచ్చ వదులుతుంది. నాలుగు మచ్చలుంటే అది కనీసం అయిదో ఏడు. మొక్క మొదట్లో మట్టిని చేతివేళ్లతో మెల్లగా పక్కకి తోసి, వేరు కదలకుండా మచ్చలు లెక్కపెట్టండి. తక్కువుంటే మట్టి మళ్లీ కప్పేసి లేచిపోవడమే. ముందు పీకేసి తర్వాత లెక్కపెడితే, వయసు చాలని వేరు అమ్మడానికీ రాదు, బతకడానికీ రాదు. మెడ విరిగిపోకుండా తవ్వాలి, ఎందుకంటే వయసుకి ఉన్న సాక్ష్యం అదొక్కటే, మెడ లేని వేరు డీలర్ పక్కన పెట్టేస్తాడు. పార కాకుండా పొడవాటి స్క్రూడ్రైవర్ లాంటిది వాడేవాళ్లు ఎక్కువ, చుట్టూ వదులు చేసుకుంటూ పోతే పిల్ల వేళ్లతో సహా వస్తుంది.

ఎర్ర పండ్లు ఇంటికి తెచ్చుకుని పెరట్లో వేసుకోవచ్చా?

వద్దు, తవ్విన చోటే నాటాలి. చాలా రాష్ట్రాల్లో అది చట్టమే. పండుని చిదిపి గింజల్ని అదే మొక్క దగ్గర అంగుళం లోతులో పెట్టి పైన రాలిన ఆకులు కప్పండి. ఒక్కో పండులో ఒకటో రెండో గింజలు ఉంటాయి, నాటడానికి రెండు నిమిషాలు పట్టదు. పెరట్లో వేసుకోవాలనుంటే నర్సరీల్లో సాగు గింజలు దొరుకుతాయి.

చిన్న మొక్కలైతే అమ్మను కదా, తవ్వి తెచ్చి మా చెట్ల కింద నాటుకుంటే?

అమ్మకపోయినా తవ్వడం తవ్వడమే. వయసు చాలని మొక్క తీయడం చాలా రాష్ట్రాల్లో నేరం, దాన్ని ఎక్కడ నాటారన్నది వాళ్లకి అనవసరం.

## అమ్మేటప్పుడు

ఎవరికి అమ్మాలి? ప్రభుత్వం కొంటుందా?

కొనదు. మన దగ్గర ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, జిగురు కొన్నట్టు ఇక్కడ ప్రభుత్వ కొనుగోలు ఏమీ లేదు. కొనేది ప్రైవేటు డీలర్, అతనికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఎవరిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది: కెంటకీలో వ్యవసాయ శాఖ, వెస్ట్ వర్జీనియాలో ఫారెస్ట్రీ విభాగం. లైసెన్స్ ఉన్న డీలర్ల జాబితా ఆ శాఖలే ఇస్తాయి. డీలర్ మీ ఐడీ అడుగుతాడు, ఏ కౌంటీలో, ఎప్పుడు తవ్వారో రాసుకుంటాడు. ఇవేమీ అడగకుండా పార్కింగ్ లాట్‌లో నగదు చేతిలో పెట్టే ఆసామి రేటు ఎక్కువ ఇస్తానన్నా వెళ్లకండి. అతని దగ్గర రికార్డ్ లేదంటే రేపు మీ దగ్గరా ఉండదు.

పచ్చిగా అమ్మాలా, ఎండబెట్టి అమ్మాలా?

ఎండితే బరువు సుమారు మూడో వంతుకి దిగుతుంది, రేటు దానికి తగ్గట్టు పెరుగుతుంది. కొత్తవాళ్లు పచ్చిగా అమ్మడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎండబెట్టడం చేతకాక బూజు పట్టించుకునేవాళ్లే ఎక్కువ. ఎండబెట్టాలనుకుంటే మట్టి పోయేలా నీళ్లలో ముంచి తీయండి చాలు, బ్రష్‌తో తోమి తెల్లగా చేయకండి. ముడతల్లో ఉండే ఆ నల్లటి మరకల్ని బట్టే కొనేవాళ్లు అడవి వేరుని గుర్తుపడతారు. గాలి ఆడే జల్లెడ మీద నీడలో, రెండు మూడు వారాలు. అవన్‌లో పెట్టొద్దు. మాగాయకి ఎండబెట్టినట్టు మేడ మీద మండుటెండలో కూడా వద్దు.

పౌండుకి నిజంగా ఎంత వస్తుంది?

మంచి సీజన్లలో ఎండు అడవి వేరుకి పౌండు 500 నుంచి 800 డాలర్ల దాకా పలికింది. అదే పొలంలో పండించినదైతే అందులో చిన్న భాగం. ఒక ఎండు పౌండు కావాలంటే వంద వేళ్లకి పైనే పడతాయని మాత్రం ఎవరూ చెప్పరు. మీ రెండెకరాల్లో పన్నెండు మొక్కలుంటే, వాటిలో వయసొచ్చినవి నాలుగైతే, లెక్క మీరే వేసుకోండి. ఆ డబ్బు పన్ను లెక్కలో చూపించాల్సిన ఆదాయమే.

పక్క రాష్ట్రంలో డీలర్ ఎక్కువిస్తున్నాడు, కార్లో వేసుకెళ్లనా?

తవ్విన రాష్ట్రం సర్టిఫికెట్ లేకుండా వేరు సరిహద్దు దాటకూడదు. రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ వేళ్లని చూసి, తూకం వేసి, ఏ ఏడాది తవ్వినవో రాసి సర్టిఫికెట్ ఇస్తాడు. మామూలుగా ఇది డీలర్ చేయించుకునే పని. అది లేకుండా దాటిస్తే రాష్ట్ర నేరం కాస్తా లేసీ చట్టం కిందికి వెళ్తుంది. 1900 నాటి ఆ చట్టం ప్రకారం అక్రమంగా తీసిన మొక్కల్ని రాష్ట్రాలు దాటించి అమ్మితే ఫెడరల్ కేసు. ఒహాయో నది దాటితే కెంటకీయే కదా అని చాలామందికి అనిపిస్తుంది. మనకి వంతెన దాటినట్టే ఉంటుంది, చట్టం లెక్కలో అంతర్రాష్ట్ర వర్తకం.

ఈ సీజన్‌లో అమ్మలేదు, ఇంట్లో ఉన్నాయి. వచ్చే ఏడాది కలిపి అమ్మొచ్చా?

అమ్మొచ్చు, కానీ చాలా రాష్ట్రాల్లో మార్చి 31 లోపు వాటిని తూకం వేయించి రసీదు తీసుకోవాలి. ఈ ఏడాది వేళ్లు, పోయిన ఏడాది వేళ్లు కలిసిపోకుండా లెక్క తెలియడానికి ఈ ఏర్పాటు. రసీదు లేని పాత వేరు వచ్చే సెప్టెంబర్‌లో తీసుకెళ్తే, సీజన్ కాని రోజుల్లో తవ్వారేమో అన్న అనుమానం మీ మీదే పడుతుంది.

నేనే గింజలు చల్లి చెట్ల కింద పెంచితే అది అడవిదా, సాగుదా?

పందిరి నీడలో, మడులు కట్టి, మందులు కొట్టి మూడు నాలుగేళ్లలో తీసేది సాగు జిన్సెంగ్. విస్కాన్సిన్‌లోని మారథాన్ కౌంటీ దీనికి పేరు, అమెరికా సాగు జిన్సెంగ్‌లో సింహభాగం అక్కడిదే. ఒకసారి పండించిన నేలలో మళ్లీ అదే వేస్తే తెగులు పట్టేస్తుంది కాబట్టి రైతులు ఎప్పుడూ కొత్త నేల వెతుక్కుంటూ ఉంటారు. అడవి చెట్ల కిందే గింజలు చల్లి, దానిపాటికి దాన్ని వదిలేసి పెంచేది ఇంకో రకం. అది చూడ్డానికి అడవి వేరులాగే ఉంటుంది, రేటూ దగ్గర్లో ఉంటుంది, అందుకే ఎగుమతికి దానికీ 5 ఏళ్ల రూలే పెట్టారు. గింజలు కొన్న బిల్లు, చల్లిన తేదీ, స్థలం ఫోటోలు మొదటి రోజు నుంచే దాచుకోండి. ఏడెనిమిదేళ్ల తర్వాత "ఇవి మీవేనని ఏంటి రుజువు" అని అడిగితే చూపించడానికి ఇంకేమీ ఉండదు.

## దేశం దాటించేటప్పుడు

డీలర్‌ని వదిలేసి నేనే నేరుగా హాంకాంగ్‌కి పంపితే?

పంపొచ్చు, దానికి మీరే ఎగుమతిదారు కావాలి. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ నుంచి సైటీస్ పర్మిట్, రాష్ట్ర సర్టిఫికెట్లు, మొక్కల తనిఖీకి కేటాయించిన పోర్టుల ద్వారానే రవాణా, అక్కడ అధికారుల తనిఖీ. నాలుగు పౌండ్ల కోసం ఇదంతా గిట్టుబాటు కాదు.

ఇండియా వెళ్తున్నా. అత్తయ్యగారికి జిన్సెంగ్ తీసుకెళ్లొచ్చా?

ఏ రూపంలో అన్నదే ప్రశ్న. మాత్రలు, పొడి, టీ ప్యాకెట్లు లాంటి తయారైన సరుకు జిన్సెంగ్ విషయంలో సైటీస్ పరిధిలోకి రాదు. మొత్తం వేరు, వేరు ముక్కలు, తరిగిన చక్రాలు వస్తాయి. సాగుదైనా సరే, వేరు రూపంలో ఉంటే వస్తుంది. అవతల ఇండియాలో దిగాక మొక్కల దిగుమతికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది, సూట్‌కేసులో ఎండు వేళ్లు కనిపిస్తే కస్టమ్స్ వాళ్లు ఆపుతారు. సీలు తీయని, లేబుల్ ఉన్న డబ్బా తీసుకెళ్లండి. వేరు రూపంలోనే కావాలని పట్టుబడితే టికెట్ కొనకముందే రెండు వైపులా అధికారులకి రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. పోస్టులో మాత్రం పంపొద్దు, ప్రయాణికుడి సొంత సామానుకి దొరికే వెసులుబాట్లేవీ పార్సిల్‌కి వర్తించవు.

నాన్నగారికి షుగర్ ఉంది, రక్తం పల్చబడే మందు కూడా వాడుతున్నారు. పర్లేదా?

డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి. రక్తం పల్చబడటానికి ఇచ్చే వార్ఫరిన్ అనే మందు పనితనాన్ని అమెరికన్ జిన్సెంగ్ తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. రక్తంలో చక్కెరని దించే గుణం కూడా ఉంది కాబట్టి షుగర్ మాత్రలతో కలిస్తే మరీ పడిపోవచ్చు.

పెన్నేరు గడ్డని కూడా ఇండియన్ జిన్సెంగ్ అంటారుగా, దానికీ ఈ రూల్సేనా?

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, వంకాయ, టమాటా కుటుంబానికి చెందినది. జిన్సెంగ్‌తో చుట్టరికం లేదు, ఎవరో వ్యాపారం కోసం తగిలించిన పేరు. మన అనంతపురం వైపు పొలాల్లో దాన్ని వేస్తారు, విత్తిన ఏడాదిలోపే తవ్వేస్తారు. అమెరికాలో 2002 నాటి వ్యవసాయ చట్టం వచ్చాక పానాక్స్ కానిదాన్ని జిన్సెంగ్ అని లేబుల్ వేసి అమ్మకూడదు. సైబీరియన్ జిన్సెంగ్ అని అమ్మేదాని పేరు ఎల్యూథెరోగా మారింది అందుకే. కాబట్టి ఇక్కడి షాపులో డబ్బా మీద ఇండియన్ జిన్సెంగ్ అని కనిపిస్తే, లోపల ఏముందో చూసే ముందు ఆ కంపెనీకి చట్టం ఎంతవరకు తెలుసో ఆలోచించండి.